రంగు వేసిన రెయిలింగ్: అద్దె ఇంట్లో పడిపోయిన మనిషికి ఓనర్ ఎంతవరకు బాధ్యుడు?

ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున్నే ఓనర్ గారు ఫోన్ చేశారు. "ఇల్లు వాళ్లకి అద్దెకిచ్చేశాను కదమ్మా. వాళ్లింటికి వచ్చిన మనిషి పడిపోతే నాకేం సంబంధం?" అన్నారు. అందులో దబాయింపు లేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. నూట అరవై ఏళ్ల కిందటి ఇంగ్లండు జడ్జీలను అడిగి ఉంటే వాళ్లూ దాదాపు ఆయన వైపే మాట్లాడేవారు.

ఈ కేసులో నేను ఓనర్ తరఫు లాయర్‌ని. బాధ్యత లేదని వాదించడానికి ఫైలు తెరిచి, చివరికి పరిహారం కట్టమని నేనే ఆయనకు చెప్పాను. ఆ మధ్యలో ఏం మారిందో రాయాలని చాలాకాలంగా ఉంది. ఇరుపక్షాలూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, తేదీలు, డబ్బు అంకెలు తీసేశాను. కేసు రాజీతో ముగిసింది కాబట్టి చెప్పడానికి తీర్పు లేదు. కామన్ లా, అంటే పాత తీర్పుల ఆధారంగా నడిచే ఇంగ్లండు పద్ధతి, ఉన్న ఏ దేశంలోనైనా ఇలాంటి కేసులో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జవాబులే చోటును బట్టి కొంత మారతాయి.

ఏం జరిగింది

రెండంతస్తుల ఇల్లు. కింది గదుల్లో ఓనర్ గారి పాత సామాను పెట్టి తాళం వేసి ఉంటుంది. ఆయన వేరే చోట ఉంటారు. పై భాగంలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అద్దెకుంటున్నారు. పైకి వెళ్లాలంటే బయటివైపు ఇనుప మెట్లే దారి. మెట్లు ఎక్కగానే చిన్న ల్యాండింగ్, దాని చుట్టూ గొట్టాలతో చేసిన రెయిలింగ్. ఆ ల్యాండింగ్ మీంచే ఇంకో పది మెట్లు టెర్రస్ మీదికి వెళ్తాయి. టెర్రస్ తలుపు తాళంచెవి ఓనర్ గారి దగ్గరే ఉంటుంది. నీళ్ల ట్యాంకు చూసుకోవడానికి నెలకోసారి ఆయన వచ్చి ఎక్కి దిగుతుంటారు. ఈ తాళంచెవి సంగతి మొదటి రోజు నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

పెద్దమ్మాయికి వయొలిన్ నేర్పడానికి ఒక టీచర్ వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఆ సాయంత్రం పాఠం అయ్యాక బయటికొచ్చి, ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టుకుని, వంగి చెప్పు తొడుక్కుంటున్నారు. మూల స్తంభం అడుగున పుటుక్కున విరిగింది. పై గొట్టం బయటికి తిరిగిపోయింది. దాంతోపాటే ఆమె సుమారు మూడు మీటర్ల కిందకి, సిమెంటు నేల మీద పడ్డారు. ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది, తుంటి ఎముక చిట్లింది.

ఆమె రెయిలింగ్ మీద కూర్చోలేదు, దాని మీంచి వంగి చూడలేదు. బ్యాలెన్స్ కోసం పట్టుకున్నారు, అంతే. రెయిలింగ్ ఉండేది అందుకే. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి కేసుల్లో "ఆమె జాగ్రత్తగా ఉండాల్సింది" అనే వాదన ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తుంది. మా కేసులోనూ వచ్చింది, నిలబడలేదు.

మొదటి ఫోన్‌లోనే ఓనర్ గారు ఇంకో మాట అన్నారు: "ఇవాళే మొత్తం కోయించేసి కొత్తది పెట్టించేస్తా." మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆగమన్నాను. ఎవరూ ఆ అంచుకు వెళ్లకుండా ల్యాండింగ్ మీద గట్టి అడ్డు కట్టించండి, విరిగిన ముక్కను మాత్రం ముట్టుకోవద్దు, ఫొటోలు తీసి అలాగే భద్రం చేయించండి అన్నాను. ప్రమాదం తర్వాత బాగుచేయిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని కొందరు భయపడతారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1975 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య నియమాల్లో 407వ రూలు ప్రకారం, తర్వాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా చూపనివ్వరు. మనుషులు భయం లేకుండా ప్రమాదాన్ని తొలగించాలన్నదే దాని ఉద్దేశం. బాగుచేయడం వేరు, సాక్ష్యాన్ని మాయం చేయడం వేరు. రెండోది చేస్తే ఏ లాయరూ కాపాడలేరు.

అగ్రిమెంట్‌లో ఏముంది

అద్దె అగ్రిమెంట్ నాలుగు పేజీలు. నాకు కావలసినవి మూడు వాక్యాలు. చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్లు చేయించుకోవాలి, కట్టడానికి సంబంధించినవి ఓనర్ చేయించాలి. ముందుగా చెప్పి ఓనర్ లోపలికి వచ్చి చూసుకోవచ్చు, అవసరమైన రిపేర్లు చేయించుకోవచ్చు. ఇంటి ఆవరణలో ఎవరికి ఏ ప్రమాదం జరిగినా ఓనర్‌కు బాధ్యత లేదు.

ఓనర్ గారు ఆ మూడో వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. దాని మీద నాకు మొదటి నుంచీ ఆశ లేదు. టీచర్ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు, దాన్ని చూడనేలేదు. ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందం మూడో మనిషి హక్కును తీసేయలేదు. సంతకం పెట్టిన అద్దెదారు విషయంలో కూడా ఇలాంటి షరతులు చాలాచోట్ల చెల్లవు. 1978లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు హెన్రియోల్ వర్సెస్ మారిన్ వెంచర్స్ కేసులో ఇదే చెప్పింది. అక్కడ అద్దెకున్న మనిషి అందరూ వాడే మెట్ల మీద పడివున్న రాయి తగిలి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు దొరకడమే కష్టంగా ఉన్న మనిషి ముందు అచ్చు ఫారం పెట్టి, నీ దెబ్బకు నేను బాధ్యుణ్ణి కాను అని సంతకం చేయించుకుంటే దాన్ని స్వేచ్ఛగా చేసిన ఒప్పందం అనలేమన్నది ఆ తీర్పు సారం. ఇంగ్లండులో 1972 నాటి డిఫెక్టివ్ ప్రెమిసెస్ యాక్ట్ కూడా, ఆ చట్టం పెట్టిన బాధ్యతను తప్పించే షరతు ఏదైనా చెల్లదని నేరుగా చెబుతుంది.

కాబట్టి మూడో వాక్యాన్ని పక్కన పెట్టాను. నన్ను ఇబ్బంది పెట్టింది రెండోది, చూసుకోవడానికి, రిపేర్ చేయించడానికి లోపలికి వచ్చే హక్కు. ఓనర్లు దీన్ని తమ రక్షణ కోసమే రాయించుకుంటారు. కానీ పైన చెప్పిన ఇంగ్లండు చట్టంలో సెక్షన్ 4 ప్రకారం, రిపేర్ చేయడానికి లోపలికి వెళ్లే హక్కు ఓనర్‌కు ఉంటే, రిపేర్ చేసే బాధ్యత కూడా ఉన్నట్టే లెక్క. ఆ బాధ్యత అద్దెదారుకు మాత్రమే పరిమితం కాదు. ఆ లోపం వల్ల దెబ్బ తగలవచ్చని మామూలుగా ఊహించగల ప్రతి మనిషికీ వర్తిస్తుంది. లోపం ఓనర్‌కు తెలిసి ఉండాలి, లేదా తెలుసుకుని ఉండాల్సింది. అంతే.

పాత రూలు ఎందుకు చెల్లలేదు

ఓనర్ గారి మొదటి ప్రశ్నకు ఇక్కడ కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆయన నమ్మింది గాలిలోంచి పుట్టిన మాట కాదు. 1863లో రాబిన్స్ వర్సెస్ జోన్స్ కేసులో ఇంగ్లండు కోర్టు, మోసం లేకపోతే కూలిపోయేలా ఉన్న ఇంటిని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం కాదంది. ఆ కాలపు లెక్క ప్రకారం లీజు అంటే కొంతకాలానికి అమ్మకం లాంటిది. తీసుకునేవాడు చూసుకుని తీసుకోవాలి. తాళం చేతులు మారిన క్షణం నుంచి మంచీచెడూ అతనివే.

దీన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది 1906 నాటి కెవలియర్ వర్సెస్ పోప్. వంటగది నేల పాడైంది. బాగుచేయిస్తానని ఓనర్ తరఫు మనిషి మాట ఇచ్చాడు, చేయించలేదు. అద్దెదారు భార్య ఆ నేల మీదే పడి గాయపడింది. అప్పట్లో ఇంగ్లండులో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె దావా కొట్టేసింది. ఎందుకంటే ఒప్పందం భర్తతో, ఆమెతో కాదు. అదే ఇంట్లో ఉంటూ, అదే నేల మీద రోజూ నడిచే మనిషికి ఓనర్ ఏమీ కానట్టే. లా కాలేజీలో చదివినప్పుడు ఈ కేసు ఒక పరీక్ష ప్రశ్న మాత్రమే. ఆసుపత్రిలో చేతికి కట్టుతో ఉన్న టీచర్‌ను చూసొచ్చాక మళ్లీ చదివితే గొంతులో ఏదో అడ్డంపడింది. ఆమెకూ ఓనర్‌తో ఏ ఒప్పందమూ లేదు. పాత రూలే ఉండి ఉంటే నా పని ఒక్క పేజీలో అయిపోయేది.

ఆ గోడ ఒక్కసారిగా కూలలేదు, ఒక్కో రాయి ఊడుతూ వచ్చింది. అమెరికాలో 1965లో అచ్చయిన టార్ట్స్ రెండో రీస్టేట్‌మెంట్ చూస్తే అది స్పష్టంగా కనబడుతుంది. ఒకరి తప్పువల్ల ఇంకొకరికి కలిగిన నష్టం గురించి కోర్టులు పాటించే సూత్రాలను సెక్షన్లుగా కూర్చిన పుస్తకం అది. 356వ సెక్షన్ పాత రూలే చెబుతుంది, ఓనర్‌కు బాధ్యత లేదని. ఆ వెంటనే 357 నుంచి 362 వరకు మినహాయింపులు వరసకడతాయి. రిపేర్ చేస్తానని ఒప్పుకుని చేయకపోవడం, తనకు తెలిసిన లోపాన్ని చెప్పకుండా దాచడం, జనం వచ్చే పనికి ఇవ్వడం, తన అదుపులో ఉంచుకున్న భాగాన్ని పట్టించుకోకపోవడం, ఆఖరిది, రిపేర్‌ను నిర్లక్ష్యంగా చేయడం. తెలిసిన లోపం దాచకూడదన్న సూత్రం భారతదేశపు ఆస్తి బదిలీ చట్టంలో ఇంకా ముందే ఉంది. 1882 నాటి ఆ చట్టంలో 108వ సెక్షన్, వాడకానికి సంబంధించిన ముఖ్యమైన లోపం ఓనర్‌కు తెలిసి, అద్దెదారుకు తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, దాన్ని చెప్పి తీరాలంటుంది.

1973లో న్యూ హాంప్‌షైర్ సుప్రీం కోర్టు సార్జెంట్ వర్సెస్ రాస్ కేసులో ఈ మినహాయింపుల లెక్కనంతా పక్కకు పెట్టేసింది. ఆ కేసు చదివినప్పుడల్లా మా ఇనుప మెట్లే కళ్ల ముందుకొస్తాయి. ఓనర్ కట్టించిన బయటి మెట్లు, మరీ నిటారుగా, సరైన రెయిలింగ్ లేకుండా ఉన్నాయి. నాలుగేళ్ల పాప వాటి మీంచి పడి చనిపోయింది. మెట్లు ఓనర్ అదుపులో ఉన్నాయా, అద్దెదారు అదుపులోనా, లోపం దాగి ఉందా, పైకి కనిపించేదా అని గళ్లు గీసి వెతకడం మానేసి, అందరిలాగే ఓనర్ కూడా పరిస్థితికి తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అని చూడాలని కోర్టు చెప్పింది. అన్ని కోర్టులూ అంత దూరం వెళ్లలేదు. చాలాచోట్ల ఇప్పటికీ అదుపు ఎవరిది, ఎవరికి తెలుసు అన్న ప్రశ్నల చుట్టూనే కేసు తిరుగుతుంది.

టెర్రస్ తాళంచెవి

అదుపు అన్నాను కదా. మొదటి రెండు వారాలు నా వాదన అంతా దీని మీదే కట్టుకున్నాను. మెట్లు, ల్యాండింగ్ అద్దెకిచ్చిన భాగంలోవి, రోజూ వాడేది అద్దెదారు, కాబట్టి వచ్చిపోయే వాళ్ల బాధ్యత అద్దెదారుదే. వినడానికి బాగుంది. కానీ నేను స్వయంగా వెళ్లి మెట్లెక్కి చూసినప్పుడు ల్యాండింగ్ మీంచి పైకి వెళ్లే ఆ పది మెట్లు, పైన వేలాడుతున్న తాళం కనబడ్డాయి. ఈ తాళంచెవి ఎవరి దగ్గరుందని అద్దెదారు గారిని అడిగాను. "అంకుల్ దగ్గరే అండీ. ఆయనే వచ్చి ట్యాంకు చూసుకుంటారు" అన్నారు.

ఆ ఒక్క జవాబుతో నా వాదనలో సగం పోయింది. ల్యాండింగ్ ఇద్దరిదీ అయింది. 1966 నాటి వీట్ వర్సెస్ లేకన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒకే చోటు మీద ఇద్దరికి అదుపు ఉండవచ్చని చెప్పింది. అక్కడా మెట్లే. ఒక పబ్ పై అంతస్తులో దిగిన అతిథి చీకట్లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. పట్టుకునే రెయిలింగ్ కింది మెట్ల దాకా లేదు, పైన బల్బు లేదు. పై భాగంలో కాపురం ఉన్నది మేనేజరే అయినా పబ్ ఓనరైన కంపెనీకి కూడా అదుపు ఉందని, కాబట్టి జాగ్రత్త తీసుకునే బాధ్యతా ఉందని తేల్చారు. ఆ బాధ్యతలో కంపెనీ తప్పిందని మాత్రం రుజువు కాలేదు. బల్బును ఎవరో తీసుకుపోయి ఉంటారని అనుకున్నారు. అక్కడ ఉన్నది పూర్తి లీజు కాదన్నది నిజమే. అయినా అందరూ వాడే మెట్లను ఓనర్ తన చేతిలో ఉంచుకుంటే వాటి మీద బాధ్యత ఆయనదేనన్న మాట లీజులకూ సరిపోతుంది.

బాధ్యత ఉండటం ఒకటి, ఆ బాధ్యతలో తప్పడం ఇంకొకటి. రెండోది రుజువు కాకపోతే మేం ఇంకా గెలవచ్చు. అక్కడి నుంచి నా దృష్టి ఫోన్ మెసేజ్‌ల మీదికి మళ్లింది.

ఫోన్‌లో మెసేజ్, మెట్ల మీద వెల్డర్

ప్రమాదానికి నాలుగు నెలల ముందు అద్దెదారు గారు పెట్టిన మెసేజ్ ఇది: "అంకుల్, మెట్లపైన రెయిలింగ్ ఊగుతోంది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు, భయంగా ఉంది. ఒకసారి చూపించండి." ఓనర్ గారి జవాబు: "మనిషిని పంపిస్తా అమ్మా." మూడు రోజుల్లో వెల్డర్ వచ్చాడు, సగం పూట పని చేశాడు, రంగు కూడా వేసి వెళ్లాడు. ఓనర్ గారి దృష్టిలో ఇది తన మంచితనానికి సాక్ష్యం. "చెప్పిన మూడో రోజుకే చేయించానమ్మా, ఇంకేం చేయాలి?"

నాకూ మొదట అలాగే అనిపించింది. తెలిసిన వెంటనే పని తెలిసిన మనిషిని పెట్టాడు, ఆ మనిషి సరిగా చేయకపోతే తప్పు అతనిది. స్వతంత్రంగా పనిచేసే కాంట్రాక్టర్ నిర్లక్ష్యానికి పని ఇచ్చినవాళ్లు మామూలుగా బాధ్యులు కారు. ఈ వాదనకు ఎదురుగా ఉన్న పెద్ద కేసు 1997 నాటి ఆస్ట్రేలియా హైకోర్టు (ఆ దేశంలో అత్యున్నత కోర్టు అదే) తీర్పు, నార్తర్న్ శాండ్‌బ్లాస్టింగ్ వర్సెస్ హారిస్. ఓనర్ కంపెనీ స్టవ్ రిపేర్‌కు ఎలక్ట్రీషియన్‌ను పంపింది. అతను సరిగా చేయలేదు. ఇంటి స్విచ్‌బోర్డులో ఇంకో లోపం ఉంది. అద్దెదారుల తొమ్మిదేళ్ల పాప తోటలో కుళాయి కట్టేయబోతే షాక్ కొట్టి మెదడుకు తీరని దెబ్బ తగిలింది. నలుగురు జడ్జీలు పాప వైపు, ముగ్గురు ఓనర్ వైపు. ఆ నలుగురిలోనూ ఒకే కారణం లేదు. ఇద్దరు, ఈ బాధ్యతను కాంట్రాక్టర్ మీదికి నెట్టేయడం కుదరదన్నారు. మిగతా ఇద్దరు, అద్దెకిచ్చే ముందే స్విచ్‌బోర్డు చూపించాల్సిందన్నారు. మూడేళ్లకే, 2000లో, జోన్స్ వర్సెస్ బార్ట్‌లెట్ కేసులో అదే కోర్టు వెనక్కి తగ్గింది. అద్దెదారుల కొడుకు గాజు తలుపును ఢీకొని గాయపడ్డాడు. ఆ తలుపు ఇల్లు కట్టిన నాటి ప్రమాణాలకు తగినట్టే ఉంది, లోపం ఉందనడానికి ఏ సూచనా లేదు. ఏ అనుమానమూ లేనప్పుడు నిపుణుణ్ణి పెట్టి ఇల్లంతా వెతికించాల్సిన పని ఓనర్‌కు లేదని తేల్చారు.

ఈ రెండు తీర్పుల మధ్య నా క్లయింటుకు చోటు దొరుకుతుందనుకున్నాను. జవాబు నోటీసు ముసాయిదా కూడా రాసేశాను: "లోపం తెలిసిన వెంటనే అనుభవమున్న పనివాడికి అప్పగించి బాగుచేయించారు, ఆ తర్వాత లోపం ఉందని అనుమానించడానికి ఏ కారణమూ లేదు."

పంపే ముందు వెల్డర్‌తో ఒకసారి మాట్లాడదామని వెళ్లాను. నా అనుభవంలో ఇంత విలువైన అరగంట తక్కువే. అతను దాచలేదు. "మేడమ్, అడుగంతా తినేసింది. లోపల నీళ్లు నిలిచి గొట్టం డొల్లయిపోయింది. ఇది పట్టీలతో నిలిచేది కాదు, స్తంభాలు మార్చాలని సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఇప్పటికి గట్టిగా చేసి రంగేసెయ్యమన్నారు."

ఆఫీసుకొచ్చి ఓనర్ గారిని పిలిపించాను. ఆ మాట అడగగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నాడమ్మా. వాళ్లు ఎలాగూ ఆరు నెలల్లో ఖాళీ చేస్తామన్నారు. అప్పుడు మొత్తం ఒకేసారి చేయిద్దామనుకున్నాను" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఇంటి పనులు వాయిదా వేసుకునే ప్రతి ఒక్కరూ అనుకునేదే అనుకున్నారు. కానీ ఆ ఫోన్ కాల్‌తో మా కేసు వేరే కేసు అయిపోయింది. ఇక కాంట్రాక్టర్ తప్పు ఓనర్ మీద పడుతుందా అన్న చర్చే అక్కర్లేదు. ప్రమాదం ఓనర్‌కే తెలుసు, తగిన మరమ్మతు ఏదో తెలుసు, వద్దన్నది ఆయనే. రాసిన ముసాయిదాను చించేశాను. అబద్ధమని తెలిశాక ఆ వాక్యం కింద నేను సంతకం పెట్టలేను.

విరిగిన ముక్క చెప్పింది

రెండు పక్షాలూ ఒప్పుకుని ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పెట్టుకున్నాం. భద్రం చేసిన స్తంభం ఆయనకు అప్పగించాం. పైన ఒక స్క్రూ రంధ్రంలోంచి వాన నీరు గొట్టం లోపలికి దిగుతోంది, కిందికి పోయే దారి లేక అడుగున నిలుస్తోంది. తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వచ్చింది. గొట్టం మందం కొత్తప్పుడు 3 మిల్లీమీటర్లు, విరిగిన చోట మిగిలింది 1 మిల్లీమీటరు కూడా లేదు, ఒకవైపు అసలే లేదు. ఆ ఖాళీలో పుట్టీ నింపి, మూడు చోట్ల చుక్కలుగా వెల్డింగ్ పెట్టి, పైన రెండు పూతల రంగు వేశారు.

రెయిలింగ్ ఎంత బరువు ఆపాలి అన్నదానికి కొలతలున్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఏ ఒక్క బిందువు దగ్గరైనా 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోల తోపును తట్టుకోవాలి. చెప్పు తొడుక్కోవడానికి పట్టుకున్న చెయ్యి అందులో చిన్న భాగం కూడా వేయదు. ఓనర్ గారి ఇంటి బీమా కంపెనీ సర్వేయర్, అద్దెదారులు ఆ స్తంభానికి బట్టల తాడు కట్టారని, అందుకే బలహీనపడిందని రాశారు. తాడు కట్టిన మాట నిజమే. తడి బట్టల బరువుకు విరిగే రెయిలింగ్, ఆ బట్టలు లేకపోయినా విరిగేదేనని ఇంజనీర్ ఒక్క వాక్యంలో తోసిపుచ్చారు.

ఇక అద్దెదారుల వాటా. రెయిలింగ్ ఊగుతోందని తెలిసీ అతిథిని అటు వెళ్లనిచ్చారు కాబట్టి నలభై శాతం వాళ్ల మీద వేయాలని బీమా వాళ్లు పట్టుబట్టారు. కాగితం మీద చూస్తే తప్పు కాదు. ఇంట్లో ఉంటున్నవాళ్లకు వచ్చిపోయే వాళ్ల పట్ల బాధ్యత ఉంటుంది. కానీ టీచర్ వాంగ్మూలంలో ఒక చోట నేను ఆగిపోయాను. రిపేర్‌కు ముందు అద్దెదారు గారు ఆమెతో, "మేడమ్, ఆ రెయిలింగ్ పట్టుకోకండి, గోడవైపు నడవండి" అని ప్రతిసారీ చెప్పేవారట. రంగు వేశాక, "ఇప్పుడు బాగుచేశారండీ, పట్టుకోవచ్చు" అన్నారట.

ఈ కేసు మొత్తంలో నాకు మనసులో నిలిచిపోయిన మాట ఇదే. రంగు వేయకపోయి ఉంటే ఆమె దాన్ని ముట్టుకునేదే కాదు. ఊగుతున్నప్పుడు ఆ రెయిలింగ్ తన గురించి తాను హెచ్చరిస్తోంది. రంగు ఆ హెచ్చరికను చెరిపేసింది. రీస్టేట్‌మెంట్ 362వ సెక్షన్ చెప్పేది సరిగ్గా ఇదే. రిపేర్ వల్ల ప్రమాదం పెరిగినా, సురక్షితంగా ఉందన్న భ్రమ కలిగినా ఓనర్ బాధ్యుడు, ఆ రిపేర్ ఆయన చేయాల్సిన అవసరం లేనిదైనా సరే. ఏమీ చేయకుండా ఊరుకున్న ఓనర్ కంటే, పైపైన చేయించిన ఓనర్ పరిస్థితి కొన్నిసార్లు ఎక్కువ ఇరుకున పడుతుంది. విన్నవాళ్లకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. రంగు చూసి నమ్మి చెయ్యి వేసిన మనిషి వైపు నుంచి ఆలోచిస్తే అనిపించదు.

రాజీ

మధ్యవర్తి ముందు రెండు రోజులు కూర్చున్నాం. వైద్య ఖర్చులు, ఆ నెలల్లో పోయిన ఆదాయం తొందరగానే తేలాయి. కష్టమైంది భవిష్యత్తు. వయొలిన్ వాయించాలంటే ఎడమ ముంజేయి బాగా తిరగాలి, అప్పుడే వేళ్లు తీగల మీదికి వస్తాయి. ఆమె చెయ్యి ఇప్పుడు సగం వరకే తిరుగుతోందని డాక్టర్ రిపోర్టు. పాఠం నోటితో చెప్పగలరు, వాయించి చూపించలేరు. మా బీమా లాయరు, "బోధన ఆగలేదు కాబట్టి ఆదాయం నష్టం తక్కువే" అన్నారు. ఆ వాదనకు మద్దతివ్వడానికి నాకు మనసొప్పలేదు, వాదనగా కూడా అది బలహీనం. వాయించి చూపించలేని టీచర్ దగ్గరికి పై స్థాయి విద్యార్థులు రారు. ఆమె లెక్కల పుస్తకంలో అప్పటికే కొందరు మానేసినట్టు ఉంది. చివరికి ఆ పద్దు కింద ఆమె అడిగినదానికి దగ్గరగానే ఒప్పుకున్నాం.

బీమా గురించి ఒక మాట. ఓనర్ గారి ఇంటి పాలసీలో మూడో వ్యక్తులకు తగిలే దెబ్బలకు కవర్ ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. పాలసీ కాగితాలు నేను అడిగి తెప్పించి చూసేసరికి ప్రమాదం జరిగి నలభై రోజులు దాటింది. సమాచారం ఆలస్యమైంది కాబట్టి చెల్లించబోమని కంపెనీ మొదట రాసింది. ఆలస్యం వల్ల కంపెనీకి నిజంగా నష్టం జరిగిందా అని చాలాచోట్ల కోర్టులు చూస్తాయి. మా దగ్గర విరిగిన స్తంభం అలాగే ఉంది, ఫొటోలున్నాయి, మెసేజ్‌లున్నాయి. వాళ్లు దర్యాప్తు చేయలేకపోయిందంటూ ఏమీ లేదు. మొదటి రోజు ఆ ముక్కను కోసి తుక్కుకు వేసి ఉంటే ఈ మాట అనగలిగేవాళ్లం కాదు. చివరికి పరిహారంలో ఎక్కువ భాగం బీమా కట్టింది, మిగిలింది ఓనర్ గారు.

అద్దెదారుల మీద వాటా ఏమీ పడలేదు. వెల్డర్ మీద చిన్న వాటా పడింది, అతను వాయిదాల్లో కట్టాడు. మార్చాలని నిజం చెప్పిన మనిషి అతను. కానీ మార్చనప్పుడు ఆ పని చేయననలేదు, పుట్టీ పూసి రంగు వేశాడు, పైన ఉంటున్న కుటుంబానికి ఒక్క మాట చెప్పలేదు. చట్టం లెక్క సరైనదే. అయినా ఆ వాటా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇంకా కొంచెం బరువుగానే ఉంటుంది.

ఈ కేసు తర్వాత నా దగ్గరికొచ్చే ఓనర్లకు అగ్రిమెంట్ రాసేటప్పుడు రెండు విషయాలు విడిగా అడుగుతున్నాను. అద్దెకిచ్చాక కూడా మీ చేతిలో ఉండే తాళాలు ఏవి, మీరు నడిచే దారులు ఏవి? అక్కడి మెట్లు, లైట్లు, రెయిలింగులు మీవేననుకుని ఆరు నెలలకోసారి చూసుకోండి అంటాను. రెండోది, రిపేర్ చేయించిన ప్రతిసారీ అద్దెదారుకు ఒక మెసేజ్ పెట్టండి: ఏం చేశారు, ఏం చేయలేదు, ఏది ఇంకా నమ్మకూడదు. తాత్కాలికంగా చేయిస్తే తాత్కాలికమని రాయండి, ఆ చోటు పూర్తిగా అయ్యేదాకా అడ్డు పెట్టండి. అలాంటి మెసేజ్ ఒకటి ఆ రోజు వెళ్లి ఉంటే టీచర్ గోడవైపే నడిచేవారు.

రాజీ కాగితాల మీద సంతకాలయ్యాక, ఓనర్ గారు రెయిలింగ్ మొత్తం మార్పించారు. కోసేటప్పుడు నన్నూ రమ్మన్నారు, వెళ్లాను. మిగతా స్తంభాలు నాలుగు. పైకి కొత్తవిలా మెరుస్తున్నాయి, ఊగడం లేదు. మొదటిది కోయగానే అడుగునుంచి ఎర్రటి నీళ్లు ల్యాండింగ్ మీదికి కారాయి. మూడోదాంట్లోనూ అంతే. ఓనర్ గారు ఆ నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.